ఉక్కు బీముల టార్షన్ సామర్థ్యం తనిఖీ: తరచుగా అడిగే ప్రశ్నలు

బెండింగ్, షియర్ లెక్కలు కంఠతా వచ్చిన ఇంజినీర్లు కూడా టార్షన్ (బీమ్ తన అక్షం చుట్టూ మెలితిరగడం) దగ్గరికి వచ్చేసరికి అవే అనుమానాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. వాటిని ఒకచోట చేర్చి, లెక్క నడిచే క్రమంలోనే విడదీసి ఇక్కడ ఇచ్చాను. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## లెక్క మొదలుపెట్టే ముందు

నా బీమ్ మీద టార్షన్ ఉందో లేదో చూడగానే ఎలా చెప్పాలి?

లోడు రేఖ సెక్షన్ షియర్ సెంటర్ (లోడు తన గుండా పోతే బీమ్ మెలితిరగకుండా వంగే బిందువు) గుండా పోతే టార్షన్ ఉండదు. పోకపోతే, ఆ రెండింటి మధ్య లంబదూరాన్ని లోడుతో గుణించినంత టార్క్ (మెలితిప్పే మొమెంట్) ఉంటుంది. రెండు వైపులా సౌష్ఠవం ఉన్న ఐ సెక్షన్‌లో షియర్ సెంటర్ వెబ్ (నిలువు పలక) మధ్యలోనే ఉంటుంది కనుక, వెబ్‌కు పక్కగా కూర్చున్న గోడ, ఒకవైపు మాత్రమే వేలాడే కాంటిలీవర్ బ్రాకెట్, కింది ఫ్లాంజ్ (అడ్డ పలక) ఒక అంచు మీద మాత్రమే ఆనిన స్లాబు వెంటనే అనుమానించదగినవి. క్రేన్ గర్డర్లలో పట్టా మీద అడ్డంగా తగిలే బలం పై ఫ్లాంజ్ కంటే ఎత్తులో పనిచేస్తుంది కాబట్టి అక్కడ టార్షన్ తప్పదు. ప్లాన్‌లో వంపు తిరిగిన బీమ్ సంగతి వేరు: లోడు సరిగ్గా మధ్యరేఖ మీదే ఉన్నా, బెండింగ్ మొమెంట్‌ను వంపు వ్యాసార్ధంతో భాగించినంత టార్క్ ప్రతి మీటరు పొడవునా దానంతటదే పుడుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో ప్రైమరీ బీమ్ మీద కొద్దిగా టార్క్ కనిపిస్తోంది. దాన్ని పట్టించుకోవాలా?

ఆ టార్క్ లేకపోయినా నిర్మాణం నిలబడుతుందా అన్నదే ఇక్కడ అడగవలసిన ప్రశ్న. ప్రైమరీ బీమ్ మీద ఆనిన సెకండరీ బీమ్ చివర వంగినప్పుడు ప్రైమరీ బీమ్‌ను తనతో పాటు కాస్త తిప్పుతుంది. ఈ మెలిక సెకండరీ బీమ్ చివరి వాలును మించి పోలేదు, ఆ టార్క్‌ను వదిలేసినా లోడు నేలకు చేరే దారి చెక్కు చెదరదు. ఇటువంటి చోట సెకండరీ బీమ్ చివరను మోడల్‌లో పిన్‌గా విడుదల చేసి, కనెక్షన్ అంత తిరుగుడును భరించగలదని చూసుకుంటే చాలు. కానీ కాంటిలీవర్ చజ్జా ఒకే బీమ్ మీద ఆధారపడి ఉంటే ఆ టార్క్ తీసేసిన క్షణంలో చజ్జా పడిపోతుంది. అటువంటి టార్క్‌ను పూర్తిగా మోయించడం తప్ప వేరే మార్గం లేదు. ఈ రెండింటి తేడా తెలుసుకోకుండా మోడల్‌లో అన్ని చోట్లా టార్షన్ విడుదల చేయడం నేను చూసిన ప్రమాదకరమైన అలవాట్లలో మొదటిది.

పైన కాంక్రీటు స్లాబు ఉంది కదా, ఇక టార్షన్ వదిలేయవచ్చా?

స్లాబు గట్టిపడి, షియర్ కనెక్టర్లతో పై ఫ్లాంజ్‌కు నిజంగా అతుక్కున్న తరువాత చాలా సందర్భాల్లో వదిలేయవచ్చు, ఎందుకంటే ఆ దశలో స్లాబు తన బెండింగ్ ద్వారా ఆ మెలికను ఆపుతుంది. కానీ అంతకు ముందు దశ ఒకటి ఉంది. పచ్చి కాంక్రీటు బరువు, అంచు బీమ్ పక్కన వేలాడే షట్టరింగ్, ముందుగా ఒకవైపే పరిచిన ప్రీకాస్ట్ పలకలు, ఇవన్నీ ఆసరా లేని బీమ్ మీద పడతాయి. అంచు బీముల్లో అత్యధిక టార్షన్ తరచుగా ఈ తాత్కాలిక దశలోనే వస్తుంది కాబట్టి, పలకలు పరిచే క్రమాన్ని డ్రాయింగ్ మీద రాయకుండా శాశ్వత దశ లెక్క ఒక్కటే చూపించడం అసంపూర్ణమైన తనిఖీ.

టార్షన్, లాటరల్-టార్షనల్ బక్లింగ్ రెండూ ఒకటేనా?

కావు. టార్షన్ అంటే లోడే నేరుగా కలిగించే మెలిక. అది మొదటి కిలోన్యూటన్ నుంచే మొదలవుతుంది. లాటరల్-టార్షనల్ బక్లింగ్ అన్నది లోడు షియర్ సెంటర్ గుండా పోతున్నా, బెండింగ్ మొమెంట్ ఒక క్రిటికల్ విలువకు చేరువైనప్పుడు బీమ్ పక్కకు ఒరిగి మెలితిరిగే అస్థిరత. అయితే ఈ రెండూ ఒకే బీమ్‌లో కలిసినప్పుడు ఒకదాన్ని ఒకటి పెంచుకుంటాయి: ముందే మెలితిరిగిన బీమ్ బక్లింగ్ వైపు త్వరగా జరుగుతుంది. అందువల్ల ఒకటి సరిపోయిందని రెండోదాన్ని చూడకుండా వదలకూడదు.

## సెక్షన్ లక్షణాలు

టార్షన్ స్థిరాంకం (సెక్షన్ మెలికను ఎంత అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) బదులు పోలార్ మొమెంట్ ఆఫ్ ఇనర్షియా వాడితే తప్పా?

గుండ్రటి కడ్డీకి, గుండ్రటి పైపుకు తప్ప మిగతా అన్నిటికీ తప్పే, అది కూడా చిన్న తప్పు కాదు. 400 మి.మీ. ఎత్తు, 180 మి.మీ. ఫ్లాంజ్ వెడల్పు, 14 మి.మీ. ఫ్లాంజ్, 8 మి.మీ. వెబ్ మందం ఉన్న ఐ సెక్షన్‌కు పోలార్ విలువ దాదాపు 23.6 కోట్ల మి.మీ.⁴ వస్తే, అసలు టార్షన్ స్థిరాంకం 3.93 లక్షల మి.మీ.⁴ మాత్రమే, తేడా 600 రెట్లు. తెరిచి ఉన్న పలచని సెక్షన్లకు ప్రతి పలక వెడల్పునూ దాని మందం ఘనంతో గుణించి, అన్నిటినీ కూడి, 3తో భాగించాలి. మందం ఘనం కావడం వల్లనే ఫ్లాంజ్ రెండు మిల్లీమీటర్లు పెరిగినా ఫలితం గణనీయంగా మారుతుంది. రోల్ చేసిన సెక్షన్లలో మూలల వద్ద ఉండే గుండ్రటి పూరకం ఈ విలువను ఇంకొంత పెంచుతుంది, అందుకే తయారీదారు పట్టికలోని సంఖ్య చేతి లెక్క కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఛానల్ బీమ్‌కు లోడు సరిగ్గా వెబ్ మీదే పెట్టాను. అయినా టార్షన్ ఎందుకు వస్తోంది?

ఛానల్ షియర్ సెంటర్ వెబ్ మీద ఉండదు. వెబ్ వెనుక, ఫ్లాంజ్‌లు లేని వైపు, గాలిలో ఉంటుంది. అన్ని పలకల మందం ఒకటే అయితే, వెబ్ మధ్యరేఖ నుంచి ఆ దూరం ఫ్లాంజ్ వెడల్పు వర్గానికి 3 రెట్లను, 6 ఫ్లాంజ్ వెడల్పులు, ఒక వెబ్ ఎత్తు కలిపిన మొత్తంతో భాగించగా వస్తుంది. మధ్యరేఖల మధ్య 200 మి.మీ. ఎత్తు, 75 మి.మీ. ఫ్లాంజ్ ఉన్న ఛానల్‌కు ఇది 26 మి.మీ. అంటే వెబ్ మీద పెట్టిన 20 కిలోన్యూటన్ల లోడు అర కిలోన్యూటన్-మీటరుకు పైగా టార్క్ తెస్తుంది. ఫ్లాంజ్ మధ్యలో పెడితే దూరం 60 మి.మీ. దాటుతుంది. యాంగిల్‌కు, టీ సెక్షన్‌కు షియర్ సెంటర్ పలకల మధ్యరేఖలు కలిసే చోట ఉంటుందని గుర్తుంచుకుంటే మిగతా అనుమానాలు తీరుతాయి.

వార్పింగ్ అంటే అసలు ఏమిటి?

ఐ సెక్షన్‌ను మెలితిప్పినప్పుడు పై ఫ్లాంజ్ ఒక పక్కకు, కింది ఫ్లాంజ్ ఎదురు పక్కకు వంగుతాయి. ముందు చదునుగా ఉన్న సెక్షన్ అడ్డకోత ఇక చదునుగా ఉండదు. ఫ్లాంజ్ అంచులు ముందుకీ వెనక్కీ జరుగుతాయి. ఆ జరుగుబాటునే వార్పింగ్ అంటారు. దాన్ని ఎక్కడైనా అడ్డుకుంటే, లేదా అది పొడవునా ఒకేలా లేకపోతే, ఫ్లాంజ్‌లలో పొడవు దిశలో నార్మల్ స్ట్రెస్ పుడుతుంది. రెండు ఫ్లాంజ్‌లలోని ఎదురెదురు మొమెంట్ల జతను వాటి మధ్య దూరంతో గుణిస్తే వచ్చేదే బైమొమెంట్. దాని కొలత కిలోన్యూటన్-మీటరు వర్గం. టార్షన్ అనగానే షియర్ స్ట్రెస్ మాత్రమే తలచుకునేవారికి ఇదే కొత్త, కానీ ఐ బీములలో తనిఖీని నిర్ణయించేది చాలాసార్లు ఈ నార్మల్ స్ట్రెస్సే.

ఐ సెక్షన్ బదులు మూసిన పెట్టె సెక్షన్ వేస్తే నిజంగా అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. మూసిన సెక్షన్‌లో షియర్ చుట్టూ ఒకే ప్రవాహంలా తిరుగుతుంది; 1896లో బ్రెట్ ఇచ్చిన సూత్రం ప్రకారం ఆ షియర్ స్ట్రెస్ టార్క్‌ను, మధ్యరేఖ చుట్టిన వైశాల్యానికి రెండింతలతోనూ గోడ మందంతోనూ భాగించినంత. దాదాపు 8,000 చ.మి.మీ. ఉక్కుతో చేసిన ఐ సెక్షన్‌కు టార్షన్ స్థిరాంకం 3.93 లక్షల మి.మీ.⁴ ఉంటే, అంతకంటే కొద్దిగా తక్కువ ఉక్కుతో వచ్చే 300 × 200 × 8 మి.మీ. పెట్టెకు అది దాదాపు 10.4 కోట్లు, అంటే 260 రెట్లకు పైన. ఆ పెట్టె మీద 4 కిలోన్యూటన్-మీటర్ల టార్క్ వేసినా షియర్ స్ట్రెస్ 4.5 మెగాపాస్కల్ దాటదు. ఒక్క హెచ్చరిక: అదే పెట్టెను పొడవునా సన్నగా చీల్చితే స్థిరాంకం 600వ వంతుకు పడిపోతుంది. పైపులు దూర్చడానికి పెట్టె బీమ్‌లో పొడవాటి కంతలు కోసేవారు ఈ సంఖ్యను గోడకు అంటించుకోవాలి.

## విశ్లేషణ

సెయింట్ వెనాంట్ టార్షన్, వార్పింగ్ టార్షన్: నా బీమ్‌లో ఏది ముఖ్యం?

ప్రతి తెరిచిన సెక్షన్ రెండు మార్గాల్లోనూ టార్క్‌ను మోస్తుంది: పలకల్లోని షియర్ స్ట్రెస్‌తో మోసేది సెయింట్ వెనాంట్ భాగం, ఫ్లాంజ్‌లు పక్కకు వంగడం ద్వారా మోసేది వార్పింగ్ భాగం. పంపకం ఎలా జరుగుతుందో ఒక లక్షణ పొడవు చెబుతుంది. ఎలాస్టిక్ మాడ్యులస్‌ను వార్పింగ్ స్థిరాంకంతో (వార్పింగ్ ద్వారా సెక్షన్ మెలికను ఎంత అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) గుణించి, షియర్ మాడ్యులస్, టార్షన్ స్థిరాంకాల లబ్ధంతో భాగించి వర్గమూలం తీస్తే ఆ పొడవు వస్తుంది. స్పాన్ దానికి పది రెట్లు, అంతకంటే ఎక్కువ ఉంటే బీమ్ పొడవులో ఎక్కువ భాగం సెయింట్ వెనాంట్ పద్ధతిలో మోస్తుంది. స్పాన్ ఆ పొడవుకు సమానంగానో తక్కువగానో ఉంటే దాదాపు అంతా వార్పింగే. మామూలు ఐ బీములు ఈ రెంటి మధ్య పడతాయి, అందుకే రెండూ లెక్కించాలి. యూరోకోడ్ 3 (ఐరోపా ఉక్కు నిర్మాణ ప్రమాణం)లోని ఇ.ఎన్. 1993-1-1 ఒక సరళీకరణను అనుమతిస్తుంది: మూసిన సెక్షన్లలో వార్పింగ్‌ను, ఐ వంటి తెరిచిన సెక్షన్లలో సెయింట్ వెనాంట్ భాగాన్ని వదిలివేయవచ్చు. రెండోది సురక్షితమే కానీ ఉక్కు ఖర్చు పెంచుతుంది.

ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన టార్షన్ ఫలితాలను నమ్మవచ్చా?

నోడ్‌కు ఆరు స్వేచ్ఛా చలనాలు మాత్రమే ఉన్న ప్రోగ్రామ్‌కు వార్పింగ్ సంగతే తెలియదు; అందుకు ఏడోది కావాలి. ఆరు చలనాల మోడల్ టార్క్ చిత్రాన్ని సరిగానే ఇస్తుంది, కానీ మెలికను ఎక్కువ చేసి చూపిస్తుంది, ఫ్లాంజ్‌లలోని వార్పింగ్ స్ట్రెస్‌ను అసలు చూపించదు. అంటే ఒకవైపు భయపెడుతుంది, మరోవైపు మభ్యపెడుతుంది. ఏ ప్రోగ్రామ్ అయినా ముందుగా చేత్తో లెక్కించగల ఒక కాంటిలీవర్‌ను దానికిచ్చి పరీక్షించడం మంచిది: కొన వద్ద టార్క్ వేసినప్పుడు బిగించిన చివర వద్ద బైమొమెంట్ చూపిస్తే ఏడో చలనం ఉన్నట్లే.

చివరి సపోర్టును టార్షన్‌కు ఎలా ఊహించాలి?

రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి: బీమ్ అక్కడ తన అక్షం చుట్టూ తిరగగలదా, ఫ్లాంజ్‌లు అక్కడ వార్ప్ కాగలవా. వెబ్‌కు మాత్రమే తగిలించిన క్లీట్లు (చిన్న కనెక్షన్ యాంగిళ్లు) తిరుగుడును ఆపుతాయి కానీ వార్పింగ్‌ను ఆపవు. పూర్తి ఎత్తు ఎండ్ ప్లేట్ వేసినా, ప్లేట్ తన తలంలోంచి బయటికి సులభంగా వంగుతుంది కనుక, లెక్కలో వార్పింగ్ స్వేచ్ఛగా ఉందనే తీసుకోవడం మేలు. వార్పింగ్ నిజంగా బిగుసుకోవాలంటే రెండు ఫ్లాంజ్‌లూ భారీ స్తంభానికి వెల్డ్ అయి, ఆ స్తంభంలో వాటి ఎదురుగా స్టిఫ్‌నర్లు (గట్టిదనం ఇచ్చే పలకలు) ఉండాలి, లేదా పక్క స్పాన్ కొనసాగుతూ ఎదురు బలం ఇవ్వాలి. కింది ఫ్లాంజ్‌ను మాత్రమే బోల్టులతో సీటు మీద కూర్చోబెట్టిన బీమ్‌కు పై ఫ్లాంజ్ ఆసరా ఏమీ లేదు. అది టార్షన్ సపోర్టే కాదు.

ఒక పూర్తి లెక్కను సంఖ్యలతో చూపించగలరా?

6 మీటర్ల స్పాన్, రెండు చివర్లా తిరుగుడు బిగింపు ఉండి వార్పింగ్ స్వేచ్ఛగా ఉన్న ఐ బీమ్ తీసుకుందాం. ఎత్తు 400, ఫ్లాంజ్ 180 × 14, వెబ్ మందం 8 మి.మీ. మధ్యలో 40 కిలోన్యూటన్ల ఫ్యాక్టర్ చేసిన (భద్రత కోసం 1.5 రెట్లు పెంచిన) లోడు వెబ్ నుంచి 100 మి.మీ. పక్కగా ఉంది, టార్క్ 4 కిలోన్యూటన్-మీటర్లు.

టార్షన్ స్థిరాంకం 3.93 లక్షల మి.మీ.⁴. ఫ్లాంజ్ మధ్యరేఖల దూరం 386 మి.మీ.; బలహీన అక్షం ఇనర్షియా 1.36 కోట్ల మి.మీ.⁴, దాన్ని 386 వర్గంతో గుణించి 4తో భాగిస్తే వార్పింగ్ స్థిరాంకం 5.07 × 10¹¹ మి.మీ.⁶. ఎలాస్టిక్, షియర్ మాడ్యులస్‌ల నిష్పత్తి 2.6 కాబట్టి లక్షణ పొడవు సుమారు 1.83 మీటర్లు, స్పాన్ దానికి 3.3 రెట్లు, అంటే మధ్యస్థ స్థితి.

మధ్యలో బైమొమెంట్ టార్క్‌లో సగాన్ని లక్షణ పొడవుతోనూ, సగం స్పాన్‌ను ఆ పొడవుతో భాగించగా వచ్చిన విలువ హైపర్‌బోలిక్ టాంజెంట్‌తోనూ గుణించినంత: 2 × 1.83 × 0.927, అంటే సుమారు 3.4 కిలోన్యూటన్-మీటరు వర్గం. 0.386తో భాగిస్తే ఒక్కో ఫ్లాంజ్‌లో 8.8 కిలోన్యూటన్-మీటర్ల మొమెంట్. ఫ్లాంజ్ సెక్షన్ మాడ్యులస్ 75,600 మి.మీ.³ కనుక వార్పింగ్ స్ట్రెస్ 116 మెగాపాస్కల్. చాలామంది వాడే అడ్డదారిలో, అంటే టార్క్‌ను రెండు ఫ్లాంజ్‌ల మీద ఎదురెదురు పాయింట్ లోడ్లుగా మార్చి ఒక్కో ఫ్లాంజ్‌ను మామూలు బీమ్‌లా లెక్కిస్తే, ఇదే స్ట్రెస్ 206 వస్తుంది. ఆ అడ్డదారి సురక్షితమే, కానీ ఇక్కడ 77 శాతం అధికం. మొదటి అంచనాకు సరే, తుది లెక్కకు కాదు.

నిలువు బెండింగ్ మొమెంట్ 60 కిలోన్యూటన్-మీటర్లు, దాని స్ట్రెస్ 54 మెగాపాస్కల్. మధ్యలో మెలిక 0.086 రేడియన్లు. మెలితిరిగిన బీమ్ మీద నిలువు మొమెంట్‌లో ఆ భాగం బలహీన అక్షం చుట్టూ పనిచేస్తుంది: 5.2 కిలోన్యూటన్-మీటర్లు, 34 మెగాపాస్కల్. మూడూ ఫ్లాంజ్ అంచు వద్ద కలిసి 204 మెగాపాస్కల్. 250 ఈల్డ్ స్ట్రెస్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్) ఉన్న ఉక్కుకు ఇది పాసైనట్లే కనిపిస్తుంది.

అక్కడ ఆగడమే తప్పు. లోడు షియర్ సెంటర్ ఎత్తులో ఉందనుకుంటే ఈ బీమ్ క్రిటికల్ మొమెంట్ సుమారు 280 కిలోన్యూటన్-మీటర్లు. ఒకటిలోంచి 60ని 280తో భాగించినది తీసివేసి తిరగవేస్తే పెంపు గుణకం 1.27. వార్పింగ్, బలహీన అక్షం స్ట్రెస్‌లు రెండింటికీ దాన్ని వర్తింపజేస్తే మొత్తం 245కు చేరి, ఈల్డ్‌కు అంచున నిలుస్తుంది. ఇక మెలిక సంగతి: 0.086 రేడియన్లంటే దాదాపు 5 డిగ్రీలు, ఫ్యాక్టర్ 1.5 తీసేసినా 3.3 డిగ్రీలు. కంటికి ఆనేంత ఒరిగిన ఈ బీమ్‌ను నేనైతే స్ట్రెస్ ఎలా ఉన్నా ఒప్పుకోను.

## సామర్థ్యంతో సరిపోల్చడం

బెండింగ్‌కు ఉన్నట్లు టార్షన్‌కు ఒకే సామర్థ్య సంఖ్య ఎందుకు ఉండదు?

మూసిన సెక్షన్‌కు ఉంటుంది: షియర్ బలాన్ని మందంతోనూ, చుట్టిన వైశాల్యం రెండింతలతోనూ గుణిస్తే చాలు, గోడలు పలచగా ఉంటే బక్లింగ్ తగ్గింపు కలపాలి. అమెరికన్ ఏఐఎస్‌సీ 360 ప్రమాణం హాలో (లోపల బోలుగా ఉండే) సెక్షన్లకు అటువంటి సామర్థ్యమే ఇస్తుంది. టార్క్ అందులో 20 శాతం మించకపోతే ఇతర బలాలతో కలిపే లెక్కలో టార్షన్‌ను వదిలేయనిస్తుంది. తెరిచిన సెక్షన్‌లో మాత్రం అదే టార్క్ స్పాన్‌ను బట్టి, సపోర్టును బట్టి, లోడు ఎక్కడుందన్న దాన్ని బట్టి వేర్వేరు స్ట్రెస్‌లు కలిగిస్తుంది. అందుకే సెక్షన్ పట్టికలో ఐ బీమ్‌కు టార్షన్ సామర్థ్యం అనే గడి కనిపించదు. స్ట్రెస్‌లను పాయింటు పాయింటుకూ కూడి చూడవలసిందే.

టార్షన్ ఉన్నప్పుడు షియర్ సామర్థ్యాన్ని ఎంత తగ్గించాలి?

ఇ.ఎన్. 1993-1-1 ప్రకారం ఐ సెక్షన్‌కు, సెయింట్ వెనాంట్ షియర్ స్ట్రెస్‌ను షియర్ బలానికి 1.25 రెట్లతో భాగించి, ఒకటిలోంచి తీసివేసి, వర్గమూలం తీసిన గుణకం వాడాలి. ఈల్డ్ 250 అయితే షియర్ బలం 144; టార్షన్ షియర్ 45 మెగాపాస్కల్ ఉంటే గుణకం 0.87. పెట్టె సెక్షన్లలో వర్గమూలం లేకుండా, 1.25 లేకుండా నేరుగా తీసివేయాలి, ఎందుకంటే అక్కడ టార్షన్ షియర్ ఒక వెబ్‌లో నిలువు షియర్‌తో మందం పొడవునా కలుస్తుంది.

ఎంత మెలికను ఒప్పుకోవచ్చు?

ప్రమాణాలు దీన్ని ఎక్కువగా డిజైనర్ విచక్షణకే వదిలేస్తాయి. సర్వీస్ లోడు కింద 2 డిగ్రీలన్నది వాడుకలో ఉన్న ఒక హద్దు. దాన్ని యాంత్రికంగా వాడకుండా బీమ్ దేన్ని మోస్తోందో చూడాలి. 400 మి.మీ. ఎత్తు బీమ్‌లో 2 డిగ్రీలంటే పై ఫ్లాంజ్ కింది ఫ్లాంజ్ కంటే 14 మి.మీ. పక్కకు జరగడం, అదే బీమ్ మీద 3 మీటర్ల గోడ బిగుతుగా నిలబడి ఉంటే గోడ కొన 100 మి.మీ. పైగా ఒరుగుతుంది. ఇటుక గోడ, గాజు పలకలు మోసే బీములకు హద్దు ఇంకా చాలా బిగించాలి.

## సరిపోకపోతే

టార్షన్ సరిపోలేదు. ముందుగా ఏమి మార్చాలి?

ముందుగా సెక్షన్‌ను కాదు, లోడు దారిని మార్చాలి. బ్రాకెట్ ఎదురుగా వెనుక వైపు ఒక అడ్డ బీమ్‌ను మొమెంట్ కనెక్షన్‌తో కలిపితే టార్క్ కాస్తా ఆ అడ్డ బీమ్‌లో బెండింగ్‌గా మారిపోతుంది. ఇది చవకైన పరిష్కారం. అది కుదరకపోతే పెట్టె సెక్షన్. ఐ బీమ్‌నే ఉంచాలంటే ఫ్లాంజ్ అంచుల మధ్య రెండు వైపులా పలకలు వెల్డ్ చేసి పెట్టెగా మూయవచ్చు, అయితే ఆ వెల్డులు షియర్ ప్రవాహాన్ని పూర్తిగా మోయగలిగి ఉండాలి.

వెబ్‌కు అడ్డ స్టిఫ్‌నర్లు వేస్తే టార్షన్ బలం పెరుగుతుందా?

దాదాపు పెరగదు. అడ్డ స్టిఫ్‌నర్ ఫ్లాంజ్‌లు, వెబ్ ఆకారం చెదరకుండా కాపాడుతుంది, టార్క్ బీమ్‌లోకి ప్రవేశించే చోట అది తప్పనిసరి కూడా, కానీ సెక్షన్ మెలితిరగడాన్ని గానీ, వార్పింగ్‌ను గానీ చెప్పుకోదగినంతగా ఆపదు. పెట్టె బీముల్లో పక్కగా పడే లోడు ఉన్న చోట లోపలి డయాఫ్రమ్ (అడ్డ పలక) కూడా ఇదే పని చేస్తుంది: అది లేకపోతే పెట్టె చతురస్రం నుంచి వంకరగా నలిగి, లెక్కలో చూపిన బలం చేతికి రాదు.